రంగులతో బతుకు సాగేనా? దామెర్ల రామారావు నడిచిన దారి

రాజమహేంద్రవరం: పిల్లవాడు బొమ్మలు బాగా వేస్తాడు. తాతగారి ముఖం అచ్చు గుద్దినట్లు దించుతాడు. ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ ఆ కాగితాలు చూపించి తల్లి మురిసిపోతుంది. అదే పిల్లవాడు పెద్ద చదువుల వయసుకు వచ్చి, చిత్రకళే నేర్చుకుంటాను, దానితోనే బతుకుతాను అన్న రోజున మాత్రం ఆ ఇంట్లో మాట పడిపోతుంది. బొమ్మలు కూడు పెడతాయా అన్న ప్రశ్న తెలుగునాట ఈనాటిది కాదు. నూరేళ్ల క్రితం గోదావరి ఒడ్డున ఒక యువకుడు ఆ ప్రశ్నకు తన జీవితంతో సమాధానం చెప్పబోయాడు. సమాధానం సగంలో ఉండగానే, 1925 ఫిబ్రవరి 6న, మశూచి అతణ్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు అప్పటికి నెల రోజుల వ్యవధి ఉంది.

ఆయనే దామెర్ల రామారావు. ఆంధ్రుల ఆధునిక చిత్రకళను ఎక్కడ మొదలుపెట్టాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా ముందుగా వినబడే పేరు. ఆయన ప్రతిభను గురించి చెప్పినవారు చాలామంది ఉన్నారు. ఆ ప్రతిభ ఒక వృత్తిగా ఎలా మారింది, మారడానికి ఏమేమి కలిసిరావలసి వచ్చింది, ఏది కలిసిరాలేదు అన్న సంగతులు చెప్పినవారు తక్కువ. చిత్రకళను వృత్తిగా చేసుకోవాలనుకునే నేటి యువతకు పనికివచ్చేది ఆ రెండో కథే.

రవివర్మ వేసిన బాట

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. గోదావరిపై తొలి రైలు వంతెన పనులు మొదలైన సంవత్సరం కూడా అదే. ఆ వంతెన 1900లో పూర్తయింది. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు దారి కలిసి, బయటి ప్రపంచం పట్టణం గుమ్మం ముందుకు వచ్చిన కాలమది. ఆ ప్రపంచంతోపాటే ఇళ్లలోకి రవివర్మ పటాలు కూడా వచ్చాయి. లక్ష్మి, సరస్వతి, శకుంతల, దమయంతి గోడ మీద చేరి మనుషుల్లా కనబడసాగారు. చీర మడతలో నీడ, చేతి గాజుపై తళుకు, చెంప గుండ్రన. తెలుగువారికి వాస్తవిక చిత్రరచనతో తొలి పరిచయం చాలామట్టుకు ఈ అచ్చు పటాల ద్వారానే జరిగింది.

వాస్తవిక చిత్రరచన అంటే ఉన్నదాన్ని ఉన్నట్లు దించడం అని అందరూ అంటారు. మాట సులువైనది, పని కాదు. కంటికి కనిపించేది మూడు కొలతల లోకం, కాగితానికి ఉన్నవి రెండు కొలతలే. ఆ లోటును వెలుగునీడలతో, దూరం పెరిగేకొద్దీ తగ్గే పరిమాణంతో, రంగు వేడి చల్లదనాలతో పూరించి చూపరి కంటిని నమ్మించాలి. ఆ విద్య ఐరోపాలో కొన్ని శతాబ్దాల సాధనతో కుదిరింది. మన దేశానికి తైలవర్ణాల రూపంలో వచ్చినప్పుడు దాన్ని నేర్చుకోవడానికి బడి లేదు, గురువు దొరకడు.

కేరళలోని కిళిమానూరులో 1848లో పుట్టిన రవివర్మకు ఎదురైన కష్టం ఇదే. పద్నాలుగేళ్ల వయసులో తిరువనంతపురం రాజప్రాసాదానికి చేరినా, తైలవర్ణాల మెళకువ తెలిసిన ఆస్థాన చిత్రకారుడు ఆయనకు నేర్పడానికి ఇష్టపడలేదు. 1868లో థియోడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు వచ్చినప్పుడు కూడా పక్కన నిలబడి చూడనిచ్చాడే తప్ప పాఠం చెప్పలేదు. చూసి నేర్చుకున్న విద్య అది. 1870లో కోళికోడులో ఒక కుటుంబ చిత్రం వేసి రవివర్మ తొలిసారి సొమ్ము పుచ్చుకున్నారు. రాజబంధువు ఒకరు బొమ్మ వేసి కూలి తీసుకోవడం ఆనాటి మర్యాదకు కొత్త విషయం. మన దేశంలో వాస్తవిక చిత్రకళ మర్యాదస్తుల వృత్తి కావడానికి ఆ ఒక్క లావాదేవీ చాలా తోడ్పడిందని చెప్పక తప్పదు.

ఆ తర్వాత రవివర్మకు అన్నీ వరుసగా కలిసివచ్చాయి. 1873లో మద్రాసు ప్రదర్శనలో బంగారు పతకం దక్కింది. బరోడా సంస్థానం పద్నాలుగు పౌరాణిక చిత్రాలకు యాభై వేల రూపాయల పని అప్పగించింది. 1894లో బొంబాయిలో సొంత ముద్రణాలయం వెలసింది. అంతటివాడికీ అన్నిచోట్లా ద్వారాలు తెరుచుకోలేదు. 1902లో సోదరుడితో కలిసి హైదరాబాదు వచ్చి, ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ ఇంట బసచేసి, నిజాం దర్బారు పిలుపు కోసం ఎదురుచూసిన రోజులు ఉన్నాయి. ఆశించిన పని అక్కడ లభించలేదు. చిత్రకారుడి వృత్తిలో ఎదురుచూపులకూ వాటా ఉంటుంది.

రవివర్మ బాటలో గమనించవలసింది ఒకటుంది. ఆయనకు పోషకులు రాజులు. గోదావరి జిల్లాలోని ఒక మధ్యతరగతి కుర్రవాడికి ఆ అవకాశం ఎక్కడిది? అతడికి వేరే తలుపు కావాలి. ఆ తలుపు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో తెరుచుకుంది.

కూల్డ్రే దొర కంటపడి

1909 నుంచి ఆ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఆబింగ్‌డన్ ఆయన స్వస్థలం. కవి, కథకుడు, నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు వేసే చిత్రకారుడు. థేమ్స్‌నూ గోదావరినీ జోడించి 1920లో ఒక కవితల పుస్తకానికే పేరు పెట్టుకున్న మనిషి. తరగతి గదిలో ఆంగ్ల సాహిత్యం బోధించినా ఆయన కన్ను మాత్రం చేతిలో పెన్సిలున్న కుర్రవాళ్లను వెతుకుతుండేది. అడివి బాపిరాజును, కవికొండల వెంకటరావును ప్రోత్సహించినది ఆయనే. శిష్యులను అజంతా వంటి చోట్లకు తీసుకెళ్లి చూపించారు.

రామారావులోని శక్తిని గుర్తించి ఆయన చేసిన పని చిన్నదిగా కనబడుతుంది గానీ, వృత్తి కథలో అదే కీలకమైన మలుపు. బాగా వేస్తున్నావు అని మెచ్చుకుని ఊరుకోలేదు. ఇక్కడ నేర్చుకోగలిగింది అయిపోయింది, ఇక బొంబాయి వెళ్లాలి అని చెప్పి అందుకు దారి చూపించారు. 1916లో రామారావు బొంబాయిలోని సర్ జంషెట్జీ జీజీభాయ్ కళాశాలలో చేరారు.

మెచ్చుకునేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నువ్వు ఎక్కడ ఆగిపోయావో, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పగలిగినవారు అరుదు. అలా చెప్పాలంటే ఆ కళ లోతు చెప్పేవారికీ తెలిసి ఉండాలి. కూల్డ్రే స్వయంగా కుంచె పట్టినవారు కాబట్టి తన హద్దు ఆయనకు తెలుసు. నీటిరంగుల దృశ్యం ఆయన నేర్పగలరు. మనిషి దేహాన్ని ఎముకల నుంచి నిర్మించడం బడిలోనే నేర్వాలి.

బొంబాయిలో నేర్పింది ఏమిటి?

అందరూ జె.జె. అని పిలిచే ఆ కళాశాల 1857లో ఏర్పడింది. పార్సీ వర్తకుడు జంషెట్జీ జీజీభాయ్ ఇచ్చిన లక్ష రూపాయల విరాళం దానికి పునాది. మద్రాసులో 1850లోనే అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు ఒక కళాశాల పెట్టినా, అక్కడ చాలాకాలం చేతివృత్తులకే పెద్దపీట. తైలవర్ణాలలో మనుషుల రూపచిత్రాలు వేయడం పద్ధతిగా నేర్చుకోవాలంటే దేశంలో బొంబాయికే పేరు. రామారావు చేరేనాటికి సెసిల్ బర్న్స్ ప్రిన్సిపాల్. చదువు పూర్తయ్యేనాటికి ఆ స్థానంలోకి గ్లాడ్‌స్టన్ సాలమన్ వచ్చారు.

అక్కడి శిక్షణ ఎలా ఉండేదో తెలిస్తే వాస్తవిక చిత్రకారుడు ఎలా తయారవుతాడో అర్థమవుతుంది. రంగు జోలికి పోవడానికి ముందు చాలాకాలం నలుపు తెలుపులతోనే పని. గ్రీకు, రోమను శిల్పాలకు ప్లాస్టరుతో పోసిన నకళ్లు హాలులో వరుసగా ఉంటాయి. ఒక వైపు కిటికీ నుంచి మాత్రమే వెలుతురు పడేలా బొమ్మను నిలుపుతారు. విద్యార్థి చేయి చాచి, పెన్సిలును నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి కొలత తీస్తాడు. తల ఎత్తుకు మొండెం ఎన్ని రెట్లు, భుజం గీతకు మోచేయి ఎంత దిగువన అని సరిచూసుకున్నాకే కాగితంపై గీత పడుతుంది. తర్వాత బొగ్గుముక్కతో నీడలు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలు మాయమై పెద్ద నీడల ముద్దలు మాత్రం మిగులుతాయి. ముందు వాటిని పట్టుకోవాలి. కనురెప్ప వెంట్రుకలు చివరిమాట. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని తలకిందులు చేసి కంటిపాపతో మొదలుపెట్టి ముఖం చెడగొట్టుకోవడం ఈనాటికీ కనిపించేదే.

ప్లాస్టరు బొమ్మ కదలదు. మనిషి కదులుతాడు, అలసిపోతాడు, ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ ఆకారం మారుతుంది. అందుకే సజీవ నమూనాను చూసి గీసే తరగతి ఈ విద్యకు గుండెకాయ వంటిది. సాలమన్ హయాంలో 1919 ప్రాంతంలో జె.జె.లో నగ్న నమూనాలతో ఆ తరగతికి ప్రాధాన్యం పెరిగింది. చర్మం కింద ఎముక ఎక్కడ పైకి తేలుతుంది, కండ ఎక్కడ తిరుగుతుంది అన్నది తెలియనిదే చీర కట్టిన మనిషిని కూడా సరిగా వేయలేరన్నది ఈ శిక్షణ వెనుక ఉన్న తర్కం. గుడ్డ మడత ఎక్కడ పడుతుందో నిర్ణయించేది దాని కిందనున్న మోకాలే కదా!

తైలవర్ణాల వంతు ఆ తర్వాతే. కేన్వాసు గుడ్డను చట్రానికి బిగించి తెల్లపూత వేసి ఆరనివ్వాలి. మొదటి పొర పలుచగా, టర్పెంటైను కలిపి వేస్తారు. పైపొరలకు పోనుపోను అవిసెనూనె పాలు పెరగాలి. ఈ వరుస తప్పి కింద నూనె ఎక్కువైతే పైపొర ముందుగా ఆరి బిగుసుకుంటుంది, కింది పొర ఆరేటప్పుడు పైది పగుళ్లు వారుతుంది. కొన్న మనిషి ఇంట్లో పదేళ్లకు చిత్రం పొలుసులు రాలితే చిత్రకారుడి పేరు పోతుంది. ఔత్సాహికుడికి, వృత్తి చిత్రకారుడికి మధ్య తేడా ఇలాంటి చోట్లనే తెలుస్తుంది. చిత్రం ఈరోజు అందంగా ఉంటే చాలు అనుకునేవాడు మొదటివాడు. తన తదనంతరం కూడా అది నిలవాలని చూసుకునేవాడు రెండోవాడు.

నీటిరంగుల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ తెలుపు రంగు కాగితానిదే. వెలుగు ఉండవలసిన చోటును ముట్టుకోకుండా వదిలేయాలి. ఒకసారి మురికి పట్టిందా, దిద్దుబాటు ఉండదు. రామారావు రెండింటిలోనూ చేయి తిరిగినవారు. 1920లో జె.జె. చదువును ప్రథమ శ్రేణిలో ముగించి బయటికి వచ్చారు.

వంగదేశం వేసిన ప్రశ్న

చేతికి విద్య వచ్చింది. అయితే దేశంలో గాలి అప్పటికే మారింది. కలకత్తా కళాశాలకు 1896లో వచ్చిన ఇ.బి. హావెల్ ఐరోపా నకళ్లను తొలగించి మొగలు, రాజపుత్ర చిత్రాలను విద్యార్థుల ముందుంచారు. మా పాశ్చాత్య విద్య మాకు కావాలని విద్యార్థులే నిరసన తెలపడం ఆ కథలో ఒక వింత. హావెల్, అవనీంద్రనాథ ఠాకూరుల ప్రభావంతో పుట్టిన వంగశైలి రేఖకు, భావానికి పట్టం కట్టి, వెలుగునీడల వాస్తవికతను పరాయి విద్యగా చూసింది. ఆనంద కుమారస్వామి రవివర్మ చిత్రాలను తీవ్రంగా విమర్శించారు. స్వదేశీ ఉద్యమ కాలంలో ఆ విమర్శకు బలం ఎక్కువ.

ఆ గాలి ఆంధ్రదేశానికి బందరు మీదుగా వచ్చింది. అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగ చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ ఛటర్జీ బోధించారు. కూల్డ్రే మరో శిష్యుడు అడివి బాపిరాజు ఆయన వద్దనే చిత్రకళ అభ్యసించారు. ఒకే గురువు చేతికింద మొదలైన ఇద్దరిలో ఒకరు బొంబాయి దారిన, మరొకరు వంగ దారిన వెళ్లారన్నమాట.

బొంబాయి శిక్షణ పొందిన రామారావు ముందు రెండు సులువైన మార్గాలున్నాయి. నేర్చుకున్నదాన్ని అలాగే కొనసాగించి జమీందార్ల రూపచిత్రాలు వేసుకోవచ్చు. లేదా అదంతా మరిచిపోయి కొత్తశైలిలో కలిసిపోవచ్చు. ఆయన ఈ రెంటినీ కాదని కష్టమైనదాన్ని ఎంచుకున్నారు. దేహనిర్మాణంలో, వెలుగులో బొంబాయి నేర్పిన కచ్చితత్వాన్ని వదలలేదు. అజంతా రేఖలోని సాగుదలను, కూర్పులోని లయను దానికి చేర్చారు. 'పుష్పాలంకరణ', 'నందిపూజ' చిత్రాలలోని స్త్రీలు పురాణాల నుంచి దిగివచ్చినవారు కారు. వారి నిలకడలో, కట్టులో తెలుగు ఇళ్ల పోలిక ఉంది. 'సిద్ధార్థ రాగోదయం' వంటి పాతకథను ఎంచుకున్నప్పుడు కూడా మనుషులు నేలమీద బరువుతో నిలబడే ఉంటారు. కాఠియావాడ్ పాలపడుచులను వేసిన చిత్రంలో ప్రాంతపు వేషధారణపై ఆయన చూపిన శ్రద్ధ బడిలో వచ్చిన క్రమశిక్షణే. తూర్పు కనుమల మధ్య గోదావరిని వేసిన దృశ్యంలో మాత్రం బడి కన్నా బాల్యం ఎక్కువ కనిపిస్తుంది.

వంగశైలికి పుట్టిల్లయిన కలకత్తాలోనే 1922లో జరిగిన ప్రదర్శనలో ఆయన చిత్రానికి వైస్రాయి బహుమతి వచ్చింది. బొంబాయి చేతి బిగువు, కలకత్తా మెప్పు. వాదోపవాదాలకు ఇంతకన్నా మర్యాదైన జవాబు ఉండదు.

సొంత ఊరికి తిరుగు ప్రయాణం

వృత్తిపరంగా చూస్తే రామారావు తీసుకున్న అతి పెద్ద నిర్ణయం శైలి గురించి కాదు, ఊరి గురించి. బొంబాయిలో 1888 నుంచీ ఆర్ట్ సొసైటీ ప్రదర్శనలు జరుగుతున్నాయి. కొనే వర్తకులున్నారు, రాసే పత్రికలున్నాయి, అచ్చువేసే ముద్రణాలయాలున్నాయి. రాజమండ్రిలో వీటిలో ఏదీ లేదు. అయినా ఆయన రాజమండ్రికే వచ్చారు. అప్పటికి కూల్డ్రే కూడా లేరు. కళాశాల విడిచి ఇంగ్లండు వెళ్లిపోయారు.

వచ్చి ఊరుకోలేదు. మిత్రుడు వరద వెంకటరత్నం వంటివారితో కలిసి భారతీయ చిత్రకళ కోసం ఒక సంఘాన్ని, దానితోపాటు చిత్ర కళాశాలను నెలకొల్పారు. తాను బొంబాయి దాకా వెళ్లి నేర్చుకున్నదాన్ని తర్వాతివారు గోదావరి ఒడ్డునే నేర్చుకోవాలన్నది ఆ ప్రయత్నం. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులు. ఆడవారు కుంచె పట్టడమే అరుదైన కాలంలో ఒకే కుటుంబంలో ఇద్దరు స్త్రీలు చిత్రాలు వేయడం గమనించదగిన విషయం. రామారావు గురించి రాసేటప్పుడు వారికి రెండు వాక్యాలకు మించి చోటు దొరకకపోవడం మన అలవాటు. ఈ వ్యాసమూ అందుకు మినహాయింపు కాలేకపోయింది.

చిన్న ఊళ్లో వాస్తవిక చిత్రకారుడి రోజువారీ కష్టాలు పెద్దవి. మంచి కేన్వాసు, గొట్టాల రంగులు మద్రాసు నుంచో బొంబాయి నుంచో రావాలి. నమూనాగా గంటల తరబడి కదలకుండా కూర్చునేవారు దొరకరు. దొరికినా, పరాయి మగవాడి ఎదుట కూర్చోవడానికి స్త్రీలకు ఆనాటి సంఘం ఒప్పదు. ఉత్తరపు వెలుగు స్థిరంగా పడే గది కావాలి. గోదావరి వానాకాలంలో తైలవర్ణం ఆరక, కాగితానికి బూజు పట్టి, చిత్రకారుడి ఓపికను పరీక్షిస్తుంది.

కొనేవారెవరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గురువు, బడి, చేతిలో పని ఉన్నా, కొనేవారు లేనిదే వృత్తి నిలవదు. ఆనాటి ఆంధ్రదేశంలో చిత్రం కొనగలిగిన స్తోమత జమీందార్లకు, కొద్దిమంది వకీళ్లకు, వర్తకులకు ఉండేది. వారికి కావలసింది చాలావరకు తమ రూపచిత్రం, లేదా కాలంచేసిన తండ్రిగారి పటం. పాత ఛాయాచిత్రంపై గడులు గీసి, అదే లెక్కలో పెద్ద గడులున్న కేన్వాసుపైకి ముఖాన్ని ఎక్కించే పద్ధతి అందుకు ఉపయోగపడుతుంది. పోలిక కుదరాలి, అయితే మరీ కుదరకూడదు. మశూచి మచ్చలు, మెల్లకన్ను తగ్గించాలి. నగలు కాస్త పెంచాలి. ఈ బేరసారాలు తెలియని చిత్రకారుడు ఎంత గొప్పవాడైనా ఇబ్బంది పడతాడు.

ఇలాంటి సంతలో 'నందిపూజ' వంటి చిత్రం ఎవరి గోడకు చేరాలి? అందుకే రామారావు ప్రయత్నం చిత్రాలు వేయడంతో ఆగక బడి, సంఘం, ప్రదర్శనల వైపు సాగింది. కొనేవారు లేనిచోట ముందు చూసేవారిని తయారుచేయాలి. అది ఒక తరం పట్టే పని. ఆయనకు దొరికింది నాలుగైదేళ్లు.

1925 నాటికి మశూచికి టీకా కొత్తది కాదు. ఐరోపాలో అది వచ్చి నూటపాతికేళ్లు దాటింది. అయినా మన దేశం ఆ వ్యాధి నుంచి పూర్తిగా బయటపడింది 1975 తర్వాతే. ఆ మధ్యలో పోయిన లెక్కలేనన్ని ప్రాణాలలో ఇది ఒకటి.

తర్వాతివారు పట్టిన దారులు

రామారావు తర్వాత వచ్చిన తెలుగు చిత్రకారులు పోషకుణ్ని వేరే చోట్ల వెతుక్కున్నారు. ఆ చోట్లు ఏమిటో చూస్తే ఈ వృత్తి స్వరూపం తెలుస్తుంది.

శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య పెద్ద కళాశాలల మెట్లు ఎక్కలేదు. తండ్రి డ్రాయింగు మాస్టారు. ఇంట్లో ఉన్న రవివర్మ పటాలే ఆయనకు పాఠ్యపుస్తకాలు. తానూ కొంతకాలం డ్రాయింగు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయనను పోషించింది జమీందారు కాదు, పత్రిక. 'చందమామ', 'యువ' ముఖచిత్రాల ద్వారా 'వపా' సంతకం లక్షల ఇళ్లకు చేరింది. ఒక్కరు వేల రూపాయలిచ్చి కొనలేని చిత్రాన్ని వేలమంది కొద్దిపాటి డబ్బులిచ్చి కొన్నారు. రవివర్మ ముద్రణాలయంతో సాధించదలచినదాన్నే పాపయ్య పత్రికలతో సాధించారనవచ్చు.

అడివి బాపిరాజు నవలలతోపాటు సినిమా వైపు నడిచి 'అనసూయ', 'ధ్రువవిజయం' చిత్రాలకు కళాదర్శకత్వం వహించారు. మద్రాసు కళాశాలలో చదివిన మాధవపెద్ది గోఖలే, కళాధర్‌తో కలిసి 1957 నాటి 'మాయాబజార్'కు కళాదర్శకులయ్యారు. సినిమా గోడపటాలు, బట్టలపై వేసే పెద్ద తెరలు ఎందరో అజ్ఞాత వాస్తవిక చిత్రకారులకు అన్నం పెట్టాయి. కంప్యూటరుతో ముద్రించే ఫ్లెక్సీలు రావడంతో రెండు దశాబ్దాల క్రితమే ఆ ఆసరా చాలావరకు పోయింది. పట్టణాలలో సైనుబోర్డులు రాసుకుని బతికిన కుటుంబాలు ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు.

బడుల లోటు మాత్రం కొంత తీరింది. హైదరాబాదులోని లలితకళల కళాశాల 2008 నుంచి ప్రత్యేక విశ్వవిద్యాలయంలో భాగమైంది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లలితకళల విభాగం ఉంది. కడపలో 2020లో మరో విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. నేటి విద్యార్థి సజీవ నమూనా తరగతి కోసం బొంబాయి రైలెక్కనక్కరలేదు. అయితే పట్టా చేతికి వచ్చాక మొదలయ్యే కథ పెద్దగా మారలేదు. రూపచిత్రాల ఆర్డర్లు, బడిలో ఉద్యోగం, పుస్తకాల బొమ్మలు, యానిమేషన్ సంస్థల కొలువు. వీటి మధ్య తన సొంత చిత్రానికి పూటకింత వేళ మిగుల్చుకోవడమే నేటి వాస్తవిక చిత్రకారుడి పోరాటం. చేతిలోని ఫోను క్షణంలో పోలిక పట్టేస్తుంటే పోలికకు మించినది ఏదో చూపించవలసిన బాధ్యత కూడా అతడి మీద పడింది. ఆ సంగతి రామారావుకు 1920లోనే తెలిసినట్లు ఆయన చిత్రాలు చెబుతాయి.

గ్యాలరీ గోడల మీద

రామారావు మరణానంతరం ఆయన చిత్రాలు చెల్లాచెదురు కాకుండా కుటుంబసభ్యులు, మిత్రులు కాపాడారు. ముఖ్యంగా వరద వెంకటరత్నం చేసిన కృషి మరువరానిది. ఆ కృషి ఫలితంగానే రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు స్మారక చిత్రకళా మందిరం ఉంది. పేరుమోసిన చిత్రకారుల రచనలు కొన్నవారి ఇళ్లకు, విదేశాలకు వెళ్లిపోతాయి. కొన్ని చోట్ల తాళాల వెనుక మగ్గుతాయి. రామారావు జీవితకృషిలో పెద్దభాగం మాత్రం ఆయన పుట్టిన ఊళ్లోనే, ఒకే కప్పు కింద ఉంది. సంత లేకపోవడం చిత్రకారుడికి చేసిన అన్యాయం, ఊరికి ఇలా వరమైంది.

నది ఒడ్డు పట్టణపు తేమలో నూరేళ్ల కాగితాన్ని, నూనెరంగును నిలపడం తేలికైన పని కాదు. గాలిలోని తేమను అదుపులో ఉంచాలి. నేరుగా ఎండ పడకూడదు. రంగు లేచిన చోట నిపుణుడే చేయి పెట్టాలి. 2022లో జిల్లాల పునర్విభజన తర్వాత రాజమహేంద్రవరం తూర్పుగోదావరికి జిల్లా కేంద్రమైంది. కేంద్రానికి కావలసిన హంగుల జాబితా రాసుకునేవారు ఈ మందిరం గోడల చెమ్మను కూడా అందులో చేర్చుకోవడం అవసరం.

అక్కడికి వెళ్లినవారు సాధారణంగా పెద్ద తైలవర్ణ చిత్రాల ముందు ఆగుతారు. బొమ్మలు వేసే పిల్లలుంటే మాత్రం వారిని ముందుగా పెన్సిలు చిత్తుగీతల వద్దకు తీసుకెళ్లడం మంచిది. నిండు చిత్రం ముందు నిలబడితే ఆశ్చర్యమే మిగులుతుంది. చిత్తుగీత ముందు కాసేపు నిలబడితే చేయి ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఆగిందో, భుజం గీతను వెతుక్కుంటూ పెన్సిలు ఒకే చోట ఎన్నిసార్లు తిరిగిందో కనిపిస్తుంది.